హెల్మెట్ లోపల నొప్పి తెలుస్తుందా

ముందు సంచిలో ప్లయర్లూ స్పానర్లూ ఒకదానికొకటి తగిలే గలగల వినిపిస్తుంది. ఆ తర్వాతే కారేపల్లి రోడ్డు మలుపులో మోపెడ్ కనిపిస్తుంది, దాని మీద లైన్‌మన్ హరిలాల్. ముప్పై ఏళ్లుగా తండాకు వెలుతురు అట్లా చప్పుడు చేసుకుంటూ వచ్చేది. ఏడాదిగా ఆ చప్పుడు వింటే జనం పలకరించరు. తప్పుకుని దారి ఇస్తారు.

కొడుకు కోటేష్ కాంట్రాక్టు హెల్పరు. నిరుడు వానాకాలం తీగ తెగితే ఇద్దరూ కలిసే వెళ్లారు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి హరిలాలే లైన్ ఆపించాడు. ఆపించాక కూడా తీగలకు ఎర్త్ రాడ్ తగిలించాలి. ఎటునుంచైనా కరెంటు వస్తే అది భూమిలోకి పోతుంది. మబ్బు దిగుతోందని ఆ ఒక్కరోజు తగిలించలేదు. "ఎక్కు బిడ్డా" అన్నాడు. ఎవరి పొలంలోని జనరేటరో వెనక నుంచి తీగలోకి కరెంటు పంపింది, కోటేష్ బతకలేదు. జనరేటర్ సంగతి అందరికీ తెలుసు. రాడ్ సంగతి హరిలాల్‌కే తెలుసు.

కూతురు సోని డిగ్రీ చదువుతోంది. అన్నాచెల్లెళ్లు ఫోన్లో 'నీలిద్వారం' అనే బొమ్మల సీరియల్ చూసేవాళ్లు. అందులో హెల్మెట్ పెట్టుకుంటే ఆట లోపలికి వెళ్లిపోతారు. లోపల చచ్చినవాళ్లు బయట కూడా లేవరు. ఆ హెల్మెట్ ఎట్లా చంపుతుంది, చచ్చేవాడికి తెలుస్తుందా అని అభిమానుల గ్రూపులో తెగని వాదన. తెలియదనే పక్షం సోనిది. ఆ పట్టుదల ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గ్రూపంతా ఫోన్లో మాట్లాడుకుంటోంది. హరిలాల్ వాకిట్లో మోపెడ్ తుడుస్తున్నాడు. స్పీకర్లో పాల్వంచ శ్రీధర్ నవ్వాడు.

"బ్యాటరీ నుంచి పుర్రెలకు కరెంటు పంపుతదంట. మంట తెల్వకుంట ఎట్లుంటది? మీ బాపు లైన్‌మన్ కదనే, అడుగరాదు. నాకు బల్బు మార్చుడు గూడ రాదు."

సోని అరచేత్తో ఫోన్ మూసింది. ఈ మాట ఆమె దవాఖానా వరండాలో అడగలేదు, దినాల నాడు అడగలేదు. ఇప్పుడు సీరియల్ గురించి అన్నట్టే అడిగింది.

"బాపూ, తెలుస్తదా?"

హరిలాల్ తలెత్తి పైకి చూశాడు. అడవి వైపు పోయే మూడు తీగలు ఎండలో తళతళలాడుతున్నాయి, ఏ చెయ్యీ ఎన్నడూ తాకనంత శుభ్రంగా.

"ఏం తెల్వదమ్మా. ఇంట్ల కరెంటు పోయినట్టే. చీకటి గూడ కనబడదు."

ఆమె ఆ మాటే ఫోన్లో చెప్పింది. లైన్‌మన్ మాట కాబట్టి శ్రీధర్ కూడా ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం సోని ఎన్నో నెలలకు ఆకలవుతోందని అడిగి మరీ రొట్టె తింది. హరిలాల్ పక్కన కూర్చుని ఆమె నమలడం చూశాడు. తన ముక్క కూడా ఆమె పళ్లెంలోనే వేశాడు.

వారానికి సోని గ్రూపులో పెద్ద వ్యాసం పెట్టింది. హెల్మెట్ లోపల నొప్పి లేదని, స్తంభం మీద మా అన్నకూ లేదని, మా బాపు చెప్పాడని. తండ్రిని కూర్చోబెట్టి చదివి వినిపించింది. అతను తల ఊపుతూ విన్నాడు. అప్పటినుంచి ఆమె ఎదుట పడకుండా పొద్దున్నే డ్యూటీకి పోతున్నాడు.

కథలు రాసే నాకు ఇదంతా చెప్పి, హరిలాల్ సంచి మోపెడ్‌కు తగిలించుకుని, ఎక్కకుండా నిలబడ్డాడు.

"పిలిచిండు సారు. బాపూ, బాపూ అని రెండుసార్లు పిలిచిండు. రాడ్ నేనే ఎయ్యలె. బిడ్డ ముందట నాకు నోరు లేస్తలేదు. మీరు రాయుండ్రి, సోని చదువుకుంటది."