శనివారం కుస్తీ, పొరుగింటి గొంతు

కాలువలో నీళ్ళు లేని సంవత్సరం అది. నీటిపారుదల కార్యాలయంలో నా బాధ్యత ఒకటే. ప్రతి ఉదయం ఏడు గంటలకు కర్నూలు దాటిన తరువాత వచ్చే తూము దగ్గర నిలబడి, రాతిస్తంభం మీద గీసిన అంకెలు చూసి, నీటిమట్టాన్ని అడుగుల్లో, అంగుళాల్లో రిజిస్టరు గడిలో నమోదు చేయాలి. రెండు వేల రెండు చివరి నుంచి మరుసటి ఏడాది వానలు పడేదాకా ఆ గడిలో నేను రాసిన అంకె సున్నా. ఆ సున్నాను కూడా రోజూ వెళ్ళి, చూసి, రాశాను. చూడకుండా రాసిన సున్నా అబద్ధమని నా నమ్మకం.

బహుశా ఆ సున్నాలే నన్ను కుస్తీ వైపు నెట్టి ఉంటాయి. కల్లూరులో మేము కట్టుకున్న కొత్త ఇంటికి కేబుల్ కనెక్షను వచ్చింది ఆ రోజుల్లోనే. శనివారం సాయంత్రం ఆరింటికి ఒక ఛానెల్లో విదేశీ కుస్తీ పోటీలు వచ్చేవి. నేను వార్తల కోసం వెతుకుతూ ఆ ఛానెల్ దాటబోతుంటే, చేటలో వేరుశనగకాయలు ఒలుస్తున్న మా అమ్మ ఆపింది.

"ఉండు, ఉండు నాయనా. ఏంది ఆ అరుపులు? ఎవురెవురు కొట్టుకుంటాండారు?"

అప్పటికి అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఇంకా ముదరలేదు, ఆపరేషనుకు ఆగమని డాక్టరు చెప్పాడు. తెరమీద రంగులు కదలడం మాత్రం ఆమెకు తెలిసేది. వ్యాఖ్యానమేమో ఇంగ్లీషు. అందువల్ల పక్కన కూర్చుని ఏం జరుగుతోందో చెప్పే పని నాకు దక్కింది. దక్కింది అనే అంటాను. తూము దగ్గర రాయడానికేమీ లేనివాడికి అది పండుగ. ఒక పొడుగు నోటుపుస్తకం కొని వరుస సంఖ్య, తేదీ, ఎవరితో ఎవరు, ఎన్ని నిమిషాలు, ఎలా ముగిసింది అని గళ్ళు గీశాను. వాళ్ళు బరిలోకి నడిచి రావడానికి పట్టే సమయాన్ని అంచులో రాసేవాణ్ణి. ఆ మల్లుల పేర్లు మా నోళ్ళకు తిరగవు కాబట్టి జడల మనిషి, గుండు మనిషి, ఎత్తు మనిషి అని గుర్తులు పెట్టుకున్నాను.

"గుండు మనిషి ఎడమకాలు పట్టుకున్నాడు. జడల మనిషి పడ్డాడు. ఒకటి, రెండు, మూడు. అయిపోయింది. ఏడు నిమిషాలు."

"సరే నాయనా," అనేది అమ్మ.

ఆ "సరే నాయనా"తో నేను తొమ్మిది నెలలు తృప్తిగా బతికాను. అది తృప్తి చెందిన మనిషి మాట కాదని నాకు తెలియజెప్పినవాడు మా పక్కింటాయన.

ఆయనది బద్వేలు దగ్గర పల్లె. కల్లూరులో బండలు పాలిష్ పట్టే చోట పని. చేతుల మీది వెంట్రుకల దాకా తెల్లటి రాతిపొడి పట్టి ఉండేది. ఆదివారాలు చర్చిలో వాక్యం బిగ్గరగా చదివేది ఆయనే. క్రిస్మస్ నాటకంలో ఏటా దుర్మార్గపు రాజు వేషమూ ఆయనదే. వాళ్ళింట్లో కేబుల్ లేదు. ఒక జూలై శనివారం, తీసుకుపోయిన నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చి, గడప దగ్గర టీవీ చూస్తూ నిలబడిపోయాడు. అమ్మ అలవాటు ప్రకారం "ఏమైతాండాది?" అంది. నేను గడియారం మీది నుంచి తల ఎత్తేలోగా ఆయన అందుకున్నాడు.

"ఏమని చెప్పేది పెద్దమ్మా! మన బద్వేలు మిల్లులో బస్తాలు మోసే గుండోడు లేడూ, వాడు జడలోని మీదికి పోతాండాడు. పోతాండాడు గానీ కాళ్ళు వణుకుతాండాయి. పోయినసారి తిన్న తన్ను ఇంకా నడుములోనే ఉండాది మరి!"

అమ్మ నవ్వింది. చేటలోని కాయలు కింద పడేటంత నవ్వింది.

"ఆ జడలోడు యాడోడప్పా?"

"ఆత్మకూరు పెద్దమ్మా. అడివిలో తేనె కొట్టుకుంటా పెరిగినోడు. అందుకే ఎంత దెబ్బ తగిలినా తేనెటీగ కుట్టినట్టు దులపరించుకుంటాడు."

అమ్మ నావైపు తిరిగింది. "ఇన్నాళ్ళు ఏంటికి చెప్పలేదు నాయనా, వాడు ఆత్మకూరోడని?"

"వాడు వేరే దేశమోడుమా."

"ఉండనీలే. పుట్టింది ఆత్మకూరు."

ఆ తరువాతి శనివారం నుంచి ఆరింటికి అయిదు నిమిషాల ముందే అమ్మ గేటు చప్పుడు కోసం చెవి పెట్టేది. నా భార్య చేత ఉగ్గాని, బజ్జీలు చేయించేది. నేను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఆయనకిచ్చి నన్ను మంచం పట్టె మీదికి జరిపింది. కుర్చీ పోయినందుకు బాధ లేదు. తొమ్మిది నెలల్లో నేను ఒక్కసారి కూడా తెప్పించలేని నవ్వును ఆయన వచ్చిన ప్రతిసారీ తెప్పించాడు. ఒక శనివారం ఆ నవ్వులను కూడా లెక్కపెట్టాను. పద్నాలుగు. ఈర్ష్య ఎలా ఉంటుందో నలభై ఆరేళ్ళ వయసులో, నా ఇంట్లో, నా టీవీ ముందు కూర్చుని నేర్చుకున్నాను.

నా చేతిలో ఉన్న ఆయుధం నిజమొకటే. ఆయన చెప్పిన తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి, ఆదివారం ఉదయం అమ్మకు చదివి వినిపించాను. ఎడమకాలును కుడికాలన్నాడు, మూడో కుస్తీలో ఎవరూ ఏడవకపోయినా ఏడ్చారన్నాడు, ఇలా ఇరవై మూడు.

"తప్పులే చెప్పినాడులే," అంది అమ్మ. "బాగ చెప్పినాడు."

"ఏమండీ, ఆ కాగితం పక్కన పెట్టి రొట్టె తినండి. చల్లారిపోతాండాది," అంది నా భార్య.

మరో వారం ఇంకా పెద్ద నిజం బయట పెట్టాను. ఈ కుస్తీలన్నీ ముందే మాట్లాడుకుని ఆడేవని, గెలిచేదెవరో, ఓడేదెవరో ముందే రాసుకుంటారని, నా పుస్తకం చూస్తే ఆ వరుస తెలిసిపోతుందని అమ్మకు వివరించాను. ఆమె కాయలు ఒలవడం ఆపలేదు.

"పెండ్లికి పోతే, తాళి ఎవురు ఎవురికి కడతారో తెలీకనే పోతామా నాయనా?"

ఆ మాట నా అభిప్రాయాన్నే మార్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆ కాలపు కుస్తీకి సాటి వచ్చేది ఈనాటి తెర మీద లేదని నేను ఎవరితోనైనా వాదిస్తాను. ముసుగు తొడుక్కుని మేడల మీద ఎగిరే వీరుల సినిమాలు కర్నూలు హాళ్ళలో తెలుగులో మాట్లాడుతుంటే నేనూ చూశాను. ఆ వీరుడికి తగిలే దెబ్బ కంప్యూటరుకు తగిలే దెబ్బ. మా జడల మనిషిది ముందే అనుకున్న ఓటమే కావచ్చు గానీ, పలకల మీద పడింది అతని నడుమే. లేచేటప్పుడు ఒక చేయి నేలకు ఆనించేవాడు. దాన్ని ఎవరూ రాసి ఇచ్చి ఉండరు. పాత టీవీ గొప్పతనం కూడా అలాంటిదే. బొమ్మ సగమే కనబడేది, మిగిలిన సగాన్ని గదిలో ఉన్నవాళ్ళు నింపేవాళ్ళు. మా ఇంట్లో ఆ సగాన్ని నింపుతున్నది నేను కాకపోవడమే నా బాధ.

నవంబరులో జడల మనిషికి, ఎత్తు మనిషికి కుస్తీ ప్రకటించారు. ఓడినవాడు ఇక జన్మలో బరిలోకి రాకూడదు. అమ్మ వారమంతా దాని గురించే మాట్లాడింది.

మా వీధిలో నా గడియారానికి గౌరవం ఉండేది. ముహూర్తాలకు కూడా నన్నే సమయం అడిగేవాళ్ళు. కార్యక్రమాల పట్టిక పేపరులో చూసి చెప్పేదీ నేనే. ఆ శుక్రవారం ఉదయం అమ్మకు ఎప్పటిలాగే చదివి వినిపించాను, "రేపు ఆరింటికి" అని. సాయంత్రం పక్కింటాయన గోడ మీదుగా అడిగాడు.

"రేపు ఆరుకే గదా సార్?"

"ఏడున్నరకు మార్చినారు," అన్నాను.

ముందుగా అనుకున్న మాట కాదది. కానీ నోట్లోంచి ఎంత స్పష్టంగా వచ్చిందంటే, నాకే నిజమనిపించింది.

"మంచిదాయె సార్! రేపు పని ఎక్కువుండాది, ఆరుకంటే మేస్త్రీని బతిమాలుకోవాల్సి ఉండె. ఏడున్నరకైతే పని ముగించుకొని, తలకు పోసుకొని మరీ వస్తా."

మరునాడు ఆరు గంటలకు ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చున్నాను.

"ఆయప్ప రాలేదే?"

"పని ఉందేమోమా."

అది రెండో అబద్ధం. ఆ సాయంత్రానికి నేను సిద్ధపడే ఉన్నాను. ఆయనలాగే చెప్పాలని నిశ్చయించుకుని గొంతు సవరించుకున్నాను. "ఎత్తు మనిషి వస్తాండాడుమా. కడప నుంచి వచ్చినాడు."

అమ్మ మొహం వెలిగింది. "కడపలో యాడ?"

కడపలో నేను మూడేళ్ళు ఉద్యోగం చేశాను. ప్రతి వీధీ తెలుసు. కానీ ఎత్తు మనిషిని నిలబెట్టడానికి అందులో ఒక్క సందు దొరకలేదు.

"కడపలో... కడపలోనే."

"సర్లే నాయనా."

అంతటితో మళ్ళీ ఏ కాలు, ఏ చేయి, ఎన్ని నిమిషాలు అనే నా లెక్కకు దిగిపోయాను. పద్నాలుగు నిమిషాలకు జడల మనిషి ఓడిపోయాడు.

"ఓడిపోయినాడా? ఎట్ల?"

"మూడు లెక్కపెట్టినారుమా."

"అది కాదు నాయనా. ఎట్ల ఓడిపోయినాడు?"

నేను చూసినదంతా చెప్పాననే అనుకున్నాను. ఆమె అడిగినదానికి మాత్రం నా దగ్గర గడి లేదు. అమ్మ చేట పక్కన పెట్టి, టీవీ కట్టేయమంది.

ఏడుంబావుకు గేటు చప్పుడైంది. ఆయన తలస్నానం చేసి, చర్చికి తొడుక్కునే తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. జడలోని ఆఖరి కుస్తీ కదా. చీకటిగా ఉన్న తెరను చూసి ఆగిపోయాడు.

"అయిపోయినాదా సార్?"

"పేపరులో..." అన్నాను. మిగిలిన మాట ఆయనే పూర్తి చేశాడు.

"పేపరోడు తప్పు ఏసింటాడు. మీరు తప్పు చెప్తారా!"

అమ్మ తల నావైపు తిప్పింది. సరిగా కనబడని ఆ కళ్ళు సూటిగా నా మొహం మీదే నిలిచాయి. శుక్రవారం ఉదయం నేను చదివిన "ఆరింటికి" ఆమె విన్నది. నేను తల వంచుకున్నాను.

"కూచోప్పా," అంది ఆయనతో. నేను కుర్చీలోంచి లేచాను. "వీడు పుస్తకంలో రాసింటాడు. సదువు నాయనా. ఆయప్ప చెప్తాడు."

చదివాను. "జడల మనిషి ప్రవేశం. నిమిషంన్నర."

"నిమిషంన్నరనా?" ఆయన ముందుకు వంగాడు. "అంతసేపు ఎప్పుడన్నా పట్టిందా సార్? రొంత సూడండి."

వెనక పేజీలు తిప్పాను. నలభై సెకన్లు. నలభై అయిదు. ముప్పై ఎనిమిది. ఏ శనివారమూ నిమిషం దాటలేదు.

"అట్ల చెప్పండి! పెద్దమ్మా, వానికి తెలుసు, ఇదే ఆఖరని. దోవ పొడుగునా జనాల్ని చూసుకుంటా, ఆత్మకూరు బస్సు ఎక్కబోయేటోడు మాదిరి ఎనక్కి ఎనక్కి తిరిగి చూసుకుంటా నడిచినాడు. పోవాలని లేదు వానికి..."

ఆ నిమిషంన్నరను రాసింది నేను. గడియారం పట్టుకుని కొలిచింది నేను. పాత పేజీలన్నీ నా ఒళ్ళోనే ఉన్నాయి. అయినా ఆ అంకెలో ఉన్న మనిషిని, కుస్తీ చూడనే లేని వాడు చూశాడు. అంతకుముందు ఆయన తప్పులను చూసి కుళ్ళుకున్నాను. ఆ సాయంత్రం ఆయన ఒప్పును చూసి కుళ్ళుకున్నాను. రెండోదే ఎక్కువ మండింది. అయినా చదవడం ఆపలేకపోయాను. నేను ఒక వాక్యం చదివితే ఆయన పది చెప్పాడు. పద్నాలుగు నిమిషాల కుస్తీ యాభై నిమిషాలు సాగింది. చివర్లో అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "అట్ల ఓడిపోయినాడా," అంది.

ఆయన వెళ్ళిపోయాక ఆ పేజీ అడుగున ఒక వాక్యం రాశాను. "పొరుగువారికి చెప్పిన సమయం తప్పు. తెలిసే చెప్పాను." ఆ పుస్తకంలో కుస్తీ కానిది ఆ ఒక్కటే.

ఫిబ్రవరిలో అమ్మకు ఒక కంటికి కర్నూలులో ఆపరేషను జరిగింది. కట్టు విప్పిన తరువాతి శనివారం టీవీ ముందు కూర్చుని చాలాసేపు చూసింది. "ఈళ్ళు ఇంతేనా?" అని, తన కుర్చీని తెర వైపు నుంచి పక్కింటాయన వైపు తిప్పుకుంది. ఇక చెప్పేవాడు అక్కర ఉండదని, కనీసం ఆయనా నాతో సమానమవుతాడని నేను వేసిన లెక్క అక్కడ తప్పింది. ఆ తరువాత కూడా నేను చదవడం, ఆయన చెప్పడం. ఆ వరుస మారలేదు. ఆయన కోసం "నడక" అని కొత్త గడి ఒకటి గీశాను.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. వెలుతురు ఇంకా ఉంది. "జడలోని ఆఖరి కుస్తీ మళ్ళొకసారి చెప్పప్పా," అంది అమ్మ. ఆయన నన్ను చదవమనకుండా పుస్తకం తానే తీసుకుని, పేజీ వెతుక్కుని, గడప దగ్గరి వెలుగుకు పట్టుకున్నాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. ఆయన వేలు వరుసలమీద కిందికి జరిగి, అడుగున ఆగింది. ఏదైనా బిగ్గరగానే చదివే మనిషి ఆ వాక్యాన్ని మాత్రం లోలోపలే చదువుకున్నాడు. నావైపు చూడలేదు.

"ఏమప్పా, గమ్మునైనావు? తప్పు రాసినాడా వీడు?"

"లేదు పెద్దమ్మా," అన్నాడు, పుస్తకం మూసి నా చేతికిస్తూ. "అంతా సరిగ్గానే ఉండాది. సార్ తప్పు రాయరు."

తరువాత గొంతు సవరించుకుని, జడలోణ్ణి మళ్ళీ బరిలోకి నడిపించాడు. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. అంత చిన్న మాటతో నన్ను వదిలిపెట్టడం కూడా ఆయనకే చేతనైందని నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కుళ్ళుకున్నాను.