పైతాన్‌కు రెండో కండక్టరు

ప్రొద్దుటూరులో నేను కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. మా అక్క అక్కడే బడిలో తెలుగు చెప్పేది. ఇద్దరం రోజూ జమ్మలమడుగులో ఒకే బస్సెక్కేవాళ్లం.

పైతాన్‌లో రాసిన ప్రోగ్రామును చదివి పని చేయించడానికి ఇంకో ప్రోగ్రాం కావాలి. అందరూ వాడేది ఒకటుంది. ఎక్కువమందికి తెలియని రెండోది ఒకటుంది. మనం రాసింది మార్చకుండానే అది చాలాసార్లు వేగంగా నడుపుతుంది. దాన్ని కొత్తవాళ్లకు పరిచయం చేస్తానని కిందటేడు ఒక సదస్సుకు ప్రతిపాదన రాశాను. ‘కంప్యూటరు హృదయంలోకి ఒక ప్రయాణం’ అని మొదలుపెట్టాను.

“కంప్యూటరుకు హృదయం యాడిదిరా?” అంది అక్క, ఎర్ర పెన్ను తీసి. “ముందు సీట్లో వాళ్లకు అర్థమయ్యేట్టు రాయి. నీతో కాదులే.”

మార్చకుండానే పంపాను. కొత్తవాళ్లకు అర్థం కాదని తిప్పి పంపారు. అక్క వారం రోజులు నవ్వింది.

ఈ ఏడు అక్క లేదు. ఆమె చనిపోయిన నెల రోజులకు మళ్లీ కాలేజీకి బయలుదేరాను. అదే సదస్సుకు మళ్లీ ప్రతిపాదన పంపడానికి ఆ సాయంత్రమే గడువు. ‘నీతో కాదులే’ అన్న మాటను ఎలాగైనా అబద్ధం చేయాలని నా పట్టుదల. బస్సులో కూర్చుని ఫోనులో రాస్తుంటే మొదటి వాక్యమే కుదరడం లేదు.

కండక్టరు వచ్చి, నావైపు చూడకుండానే మిషన్ నొక్కి రెండు టికెట్లు చింపాడు. నాకొకటి, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు ఒకటి. ఇన్నేళ్లలో మమ్మల్ని ఎక్కడికని అడిగింది లేదు. పక్క సీటు చూసి నాలుక కరుచుకున్నాడు.

“అయ్యో సార్, చెయ్యి అలవాటు. చెకింగోళ్లు వస్తే ఈ టికెట్టుకు ఆడమనిషి యాడ అంటారే!”

పులివెందుల నుంచి చీనీకాయల సంచితో వచ్చి, మా ఊళ్లో బస్సు మారిన అవ్వ ముందు సీట్లో ఉంది. వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

“నేను ఆడమనిషిని కాదా ఏంది? ఇట్లియ్యప్పా. నేనూ ప్రొద్దుటూరికే.”

నాకు నవ్వొచ్చింది. నెలలో అదే మొదలు. అక్కడే రాశాను: ‘మొదటి కండక్టరు అందరినీ రోజూ అడుగుతాడు. రెండో కండక్టరు కొన్నాళ్లు గమనించి, రోజూ వచ్చేవాళ్లకు అడక్కుండానే టికెట్టు కొడతాడు. అంచనా తప్పిందా, మళ్లీ అడగడం మొదలుపెడతాడు. పైతాన్‌కూ అలాంటి రెండో కండక్టరు ఉన్నాడు.’

సదస్సుకని చెప్పి అవ్వకు చదివి వినిపించాను.

“ఇంత మాత్రానికి మీటింగెందుకప్పా?” అంది.

“నా పేరు రాయి సార్” అన్నాడు కండక్టరు.

“నా పేరే రాయగూడదు మామా” అన్నాను. “ఎంచేవాళ్లు ఎవురు రాసిందీ తెలీకుండా చదువుతారు.”

“అదేం చదువు సార్!”

బస్టాండులో దిగి పంపేశాను. మర్నాటి నుంచి కండక్టరు “ఎన్ని సార్?” అని అడగడం మొదలుపెట్టాడు. రోజూ “ఒకటి” అనేవాణ్ణి.

కొన్ని వారాలకు జవాబొచ్చింది. తీసుకున్నారు. చదివినవాళ్లలో ఒకరు, విషయం సులువుగా ఉంది కానీ కండక్టరు మాత్రం నమ్మేట్టు లేడని రాశారు. బస్సులో అతనికి చూపించాను.

“నేను నమ్మేట్టు లేనా? వాళ్లను ఒక్కసారి ఈ బస్సెక్కమను సార్, శానా తెలుస్తాది!”

ఆ కోపంలో అడగడం మరిచి మిషన్ నొక్కాడు. ఒక్క టికెట్టే వచ్చింది.