శవం లేచి అన్న మాట

చావడంలో శవం బావను మించినవాడు భూమ్మీద పుట్టలేదు. పుట్టినా అంత అందంగా చావలేడు. స్టేజి మీద అతను కన్ను మూస్తే పైన తిరిగే ఫ్యాను కూడా మర్యాదగా నెమ్మదించేది. ఒకసారి రెండో వరసలో కూర్చున్న డాక్టరుగారు నాటకం మధ్యలోనే లేచి, చేతిగడియారం చూసుకుని, మరణ ధ్రువీకరణ పత్రం రాసిచ్చేశారట. నమ్మనివాళ్లు నమ్మకండి, నష్టం మీకే. ఆ కాగితం మీద దస్తూరీ మాత్రం ముత్యాల్లా ఉండేదని చూసినవాళ్లు ఒట్టేసి చెబుతారు.

పగటిపూట అతను టైలరు. మేడమెట్ల కింద, నిటారుగా నిలబడితే నెత్తికి మెట్టు తగిలే గదిలో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీబల్ల, మెడలో టేపు. నాటక సంఘానికి దుస్తులు కుట్టివ్వడానికి వెళ్లాడు. ఆ రోజు శవం వేషం వెయ్యాల్సిన మనిషి రాలేదు. చేతిలో పని లేదు కదా అని ఇతను బల్ల మీద పడుకున్నాడు. పడుకోవడం పడుకోవడం, వేషం అతనికే ఖాయమైపోయింది. అప్పటిదాకా బావా అని పిలిచే సంఘం మొత్తం శవం బావా అనడం మొదలుపెట్టింది.

ఊహ అనే సరుకు అతని దగ్గర బొత్తిగా లేదు. "ఈసారి కాస్త కొత్తగా కుట్టు బావా" అంటే "కొలతలు పాతవేగా?" అనేవాడు. అలా పడుకుని ఏం ఊహించుకుంటావని అడిగితే "ఏమీ లేదు, దురద రాకుండా చూసుకుంటా" అనేవాడు. అందుకే ప్రతి ప్రదర్శనకు ముందూ చీమలమందు సుద్దతో బల్ల నాలుగు కాళ్ల చుట్టూ తనే గీత గీసుకునేవాడు. బట్ట మీద గీసే చెయ్యి కాబట్టి గీత ఎక్కడా తెగేది కాదు. దాన్ని దాటిన చీమ ఇంతవరకూ లేదు.

ఊహంతా అతని భార్య వాటాకు పోయింది. సంఘంలో అందరికీ ఆమె అక్క. నాటకంలోనూ అతనికి భార్యే. కథ చిన్నది: భర్త పోతాడు, శవం లేవకముందే మరిది వచ్చి ఇల్లు తనదంటాడు, భార్య అతన్ని తరిమేస్తుంది. చిక్కల్లా ఒకటే. దుప్పటి కింద మొగుణ్ణి చూడగానే అక్కకు మెట్ల కింద ఖాళీ స్టూలు కనిపించేది, మిషను మీద సగం కుట్టిన చొక్కా కనిపించేది. కన్నీళ్లు వరదకట్టేవి. ఆ వరదలో మాటలు కొట్టుకుపోయేవి. తెర పక్కనుంచి దర్శకుడు అందించి గట్టెక్కించేవాడు.

చివరికి దర్శకుడికీ విసుగొచ్చింది. "అక్కా, నీ ఏడుపు బ్రహ్మాండం. కానీ జనం మాట వినడానికొస్తారు. ఈసారి కూడా నోరు పడిపోయిందా, వేషం మా మరదలికిచ్చేస్తా."

ఇంటికెళ్లాక శవం బావ అడిగాడు. "పక్కనే ఉన్నాగా, అంత ఏడుపెందుకే?"

"పక్కనే ఉంటారు, కానీ నిజంగా పోయినట్టుంటారు. కాస్త తక్కువ చావొచ్చుగా!"

"చావులో ఎక్కువ తక్కువలుంటాయా?"

అక్క నవ్వలేదు. "ఈ వేషం పోతే మళ్లీ గుండీలు కుట్టుకుంటూ కూర్చోవడమే. నా మాట నలుగురూ వినేది అక్కడొక్కచోటేనండీ."

అతను దారం కొరికి సూదిలోకి ఎక్కించాడు.

తర్వాతి ప్రదర్శనకు ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. నాటకంలో ఊహాశక్తి గురించి గుండ్రాయంత పుస్తకం రాస్తోంది. దర్శకుడు ఇస్త్రీ మడత నలగకుండా ఆమె పక్కన ముందు వరసలో కూర్చున్నాడు. తెర పక్కన మాట అందించే దిక్కు లేదు.

మరిది వేషగాడు గర్జించాడు. "ఈ ఇల్లు మా అన్నది. అంటే నాది!"

అక్క శవాన్ని చూసింది. అయిపోయింది. వరద.

"ఈ ఇల్లు నాది... గోడగోడకీ..." దుప్పటి కిందనుంచి శవం గుసగుసలాడింది. పోయిన మనిషి మాట్లాడేసరికి అక్కకు ఉన్న ఒకటి రెండు ముక్కలూ పోయాయి. మరిది మళ్లీ గర్జించాడు. ముందు వరసలో దర్శకుడి మెడ కొంగమెడలా సాగింది.

శవం లేచి కూర్చుంది.

నాటకంలో అక్కకున్న మాట ఉన్నట్టు తనంటే ఇల్లు మళ్లీ చచ్చినవాడి పాలే. టైలరు కదా, అక్కడికక్కడే మాటకు ఆల్టరేషన్ చేశాడు. "ఈ ఇల్లు నాది కాదురా. మా ఆవిడది! గోడగోడకీ ఆమె చేతి సున్నం ఉంది. బయటికి నడు!" అని, మళ్లీ పడుకుని, తన దుప్పటి తనే కప్పుకున్నాడు.

మరిదికి నటించే అవసరమే రాలేదు. స్టేజి దూకి, జనం మధ్యనుంచి వీధిలో పడ్డాడు. ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నాడని కొందరంటారు. అప్పటికి అక్కకు నోరొచ్చింది. "విన్నావా? ఆయనే చెప్పారు!" అని వెనకనుంచి ఒక్క కేక. ఆ చప్పట్లకు వానొచ్చిందనుకుని పక్కవీధివాళ్లు ఆరేసిన బట్టలు తీసుకున్నారు.

తెర పడగానే ప్రొఫెసరమ్మ స్టేజెక్కేసింది. "అద్భుతం! లేచింది శవం కాదు, ఆ భార్య జ్ఞాపకం! ఊహకు ఇంతకన్నా శిఖరం లేదు. దీనికే ఒక అధ్యాయం రాస్తాను. ఆ క్షణంలో మీరేం ఊహించుకున్నారు?"

దర్శకుడు ఆమె వెనకనుంచి తొంగిచూశాడు. "నాటకంలో లేని ముక్క ఇది. నిజం చెప్పు బావా. అక్క మళ్లీ మాట మర్చిపోయిందా?"

దుప్పటి మడతపెడుతున్న అక్క చేతులు ఆగిపోయాయి.

శవం బావ భార్యను చూశాడు. బల్లకాళ్ల చుట్టూ ఎక్కడా తెగని తెల్లగీతలను చూశాడు. వంగి, పిక్క మీద బరబరా గోక్కున్నాడు.

"అలాంటిదేం లేదండీ. చీమ కుట్టింది. ఎలాగూ లేచాను కదా అని ఓ మాట అనేశాను."