చాప మీద నుంచి చూస్తే

నాకు చిన్నప్పటి నుంచీ ఆలస్యమంటే ఒళ్ళుమంట. స్కూల్లో లెక్కలు చెబుతాను. బెల్లు కొట్టిన అరనిమిషానికి క్లాసు తలుపు వేసేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్‌లో కారు రేసులు ఆడేటప్పుడూ అదే పిచ్చి. నేను బటన్ నొక్కడానికీ తెర మీద కారు తిరగడానికీ మధ్య రెప్పపాటు తేడా ఉన్నా పట్టేస్తాను. దాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ టీచరమ్మకి ఇదేం పోయేకాలమని చర్చిలో నవ్వేవాళ్ళు నవ్వారు.

పాత మానిటర్‌తో వేగలేక రాజమండ్రి వెళ్ళాను. షాపాయన రెండింటిని పక్కపక్కన పెట్టాడు. "ఇది ఐపీఎస్ ప్యానెల్ అండి, ఏ మూల నుంచి చూసినా రంగు మారదు. ఇదేమో టీఎన్. మంచి స్పీడండి, కానీ తిన్నగా ఎదురుగా కూర్చుంటేనే బాగుంటుంది."

"మా ఇంట్లో చూసేది నేనొక్కదాన్నేనండి, స్పీడుదే ఇవ్వండి" అన్నాను. నరసాపురం దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. అమ్మ లేసు అల్లేది, సన్నదారంతో గోరంత పూలు. లేసు పని ఇచ్చే ఆవిడ, సన్నదారం పని వస్తే ఇంకెక్కడా ఆగకుండా మా ఇంటికే వచ్చేది. నేను ఆడుకుంటుంటే అమ్మ నా కుర్చీ పక్కన చాప మీద కూర్చుని అల్లుకుంటూ మధ్యమధ్య తలెత్తి తెరకేసి చూసేది. ఆట సంగతి ఆవిడకేం తెలియదు. నా దగ్గర కూర్చోవడం కోసం కూర్చునేది.

కొత్త మానిటర్ వచ్చిన కొన్నాళ్ళకి అడిగింది. "ఎప్పుడూ చీకట్లోనే తోలతావేంటే కారు? ఆటలో పగలు రాదా?"

"చీకటెక్కడమ్మా? పట్టపగలు. నీ కళ్ళకేదో అయింది, చూపించుకో."

మలుపు దగ్గర ఉన్నానేమో, తలైనా తిప్పకుండా అన్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత పని ఇచ్చే ఆవిడ వస్తే అమ్మ సన్నదారం ఉండ వెనక్కిచ్చేసింది. "చూపు ఆనట్లేదండి. లావు దారం ఉంటే ఇవ్వండి."

"పువ్వు బానే వస్తోంది కదండీ!"

"ఇప్పుడు బానే ఉందండి. రేపెప్పుడో అల్లిక తప్పితే, మీరొచ్చి చెప్పేదాకా ఎందుకు?"

కళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే రానంది. అమ్మమ్మకీ ముందు వెలుగే తగ్గిందట, ఆనక మొత్తం పోయింది. తనకీ అదే రాసిపెట్టి ఉందనుకుంది. చర్చిలో వాక్యం చదవమన్నా వద్దంది. వయసు మీద పడితే మామూలేలే అనుకుని నేనూ ఊరుకున్నాను. అలా రెండేళ్ళు గడిచాయి.

మొన్న వేసవి సెలవుల్లో మానిటర్ వైరు వదులైతే బల్ల కిందకి దూరాను. వైరు బిగించి, అలాగే చాప మీద చతికిలబడి తలెత్తాను. ఆటలో మిట్టమధ్యాహ్నపు రోడ్డు నల్లగా ఉంది. ఆకాశమంతా మసి. లేచి నిలబడితే ఎండ, కూర్చుంటే చీకటి. మూడుసార్లు లేచి కూర్చున్నాను.

రెప్పపాటు ఆలస్యాన్ని పట్టేస్తానని ఎంత పొగరు నాకు! నా మోకాలి పక్కనున్న మనిషికి ఏం కనిపిస్తోందో రెండేళ్ళు కనిపెట్టలేకపోయాను. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

వంటింట్లో ఉన్న అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ తెర వంక చూసింది. చాలాసేపు చూసింది.

"పగలేనే" అంది.

కళ్ళకేం కాలేదమ్మా, ఈ తెర గుణమే అంత, కింద నుంచి చూస్తే నల్లబడుతుంది అని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ తన వేళ్ళకేసి చూసుకుంది. అవి సన్నదారం వదిలేసి రెండేళ్ళయింది.

నాకు ఆవిడ మీదే కోపమొచ్చింది, తప్పు చేసినవాళ్ళకి వచ్చే కోపం. "డాక్టరు దగ్గరికి రమ్మంటే రాకపోతివి. పోనీ నన్నైనా ఇంకోసారి అడగొచ్చు కదమ్మా! ఎందుకడగలేదు?"

"ఇంకోసారి ఎందుకడుగుతానే?" అంది అమ్మ, నిష్ఠూరమేమీ లేకుండా. "పదిమంది పిల్లలకి చదువు చెప్పేదానివి. పట్టపగలని నువ్వు చెప్పాక, చీకటి నా కళ్ళదే అనుకున్నాను."