మగ్గం గుంతలో మూంజూరు

మొన్న తిరుపతిలో మా ఇంటికొచ్చిన మేనకోడలు ఫోను చూపించి, "అత్తా, ఈ సుంచును సూడు. అండమాన్ పక్క దీవిలో ఉండాదంట. దీన్ని సూసినోళ్లే తక్కువంట," అంది. అది ఎక్కడ ఈనుతుందో, పిల్లల్ని ఎలా సాకుతుందో ఎవరికీ సరిగా తెలియదట. నాకు నవ్వొచ్చింది. దాని దాయాది కాపురం నగరిలో మా మేనత్త ఇంట్లో నేను కళ్లారా చూశాను.

అక్కడ చుంచును మూంజూరు అంటారు. కాలేజీ చదువుకని నేను వాళ్లింట్లో ఉన్న రోజుల్లో, అది మగ్గం గుంతలో, మామ కాళ్లు ఆడే చోటికి మూరెడు దూరంలో, నూలు పీచుతో గూడు కట్టుకుని పిల్లల్ని పెట్టింది. దాని కంపు సంగతి చెప్పను, చదివేవాళ్లలో అన్నం ముందు కూర్చున్నవాళ్లూ ఉంటారు. చూపు ఆనదు, గోడ పట్టుకుని ముక్కు ఆడిస్తూ పోతుంది. ఆకలి మాత్రం రాక్షసాకలి. పూట తిండి తప్పితే దానికి ప్రాణం మీదికొస్తుంది. పాలు తాగే పిల్లలకైతే చెప్పనే అక్కర్లేదు.

అప్పుడు మగ్గం మీద ఉన్నది అత్త కూతురు, మా వదిన పెళ్లిచీర. ఇంటి ఆడపిల్ల ఇంటి మగ్గం చీరే కట్టాలని వాళ్ల పట్టు. ఒక పొద్దున చూస్తే గంజి పెట్టి నిలువుగా సాగదీసిన పడుగులో పోగులు తెగి ఉన్నాయి. మూంజూరే కొరికిందని మామకు కోపం నషాళానికి అంటింది. తల్లి మేతకు పోయిన సమయం చూసి, అది ఇంట్లోకి వచ్చే గోడ తూముకు సిమెంటు మెత్తేశాడు.

కాసేపటికి తల్లి బయట కీచుకీచుమంటూ గోడ వెంట తిరగసాగింది. పిల్లలు లోపల ఉన్నాయి. అత్త వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, మూంజూరు నూలు కొరికేది యాడన్నా సూసినావా? గంజికొచ్చేది బొద్దింక. దాన్ని తినేది ఇది. పసిబిడ్డల తల్లికి తలుపేసినావే, రేపు మన బిడ్డ ఆ చీర కట్టుకోని సల్లగా ఉంటాదా?"

"నాకన్నా నీకు మూంజూరే ఎక్కువైపాయ," అని మామ గొణిగాడు గానీ అడ్డుపడలేదు. అత్త పచ్చి సిమెంటును గరిటెతో గోకి పారేసింది. తల్లి ఆ సందులోంచి దూరిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు అది మకాం మార్చింది. తల్లి తోక మొదలు ఒక పిల్ల కరుచుకుంటే, దాని తోక మొదలు ఇంకొకటి, అలా వరసగా గుంత గట్టెక్కి మామ పక్కనుంచే పోయాయి. చివరిది పట్టు జారి, తడుముకుని, మళ్లీ అందుకుంది. పండగకూ జ్వరానికీ పని ఆపని మామ, పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె చేతిలో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ చీరతోనే వదిన పెళ్లయింది, ఆమె బిడ్డలూ పెద్దవాళ్లయ్యారు. నగరిలో నేను గడిపిన ఏళ్లు ఎలా పోయాయో తెలియదు. మగ్గం ఆగిన ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా అయిపోలేదు.