ఇష్‌బెల్ వదలని రెండడుగులు

స్కాట్లాండ్ తూర్పు తీరాన పిట్‌కారో రేవులో ఇష్‌బెల్ డనెట్ పేరెత్తితే ఇప్పటికీ జనం వాదులాడుకుంటారు.

ఆమె తండ్రి డౌగల్‌ది చేపలకు పొగపెట్టే కొట్టం. పొద్దున్నే హాడక్ చేపలను కడ్డీలకు గుచ్చి వేలాడదీసి, మధ్యాహ్నం ఒళ్ళంతా పొగ వాసనతోనే సముద్రపు గట్టున గోల్ఫ్ ఆడేది ఇష్‌బెల్. పాతికేళ్ళు దాటీ దాటకముందే దేశపు మహిళా విజేత అయింది. మరుసటేడు కూడా ఆమే. ఆ కప్పులో విస్కీ పోసుకుని ఊరంతా తాగారు. అందరికన్నా ముందు తాగింది రోనా లాకర్ట్, ఒకే కంచంలో తిని పెరిగిన స్నేహితురాలు.

మూడో ఏడు ఫైనల్లో ఎదురుపడింది ఆ రోనాయే. చివరి గుంట దగ్గర ఇష్‌బెల్ బంతి వెనక కర్ర ఆనించగానే రోనా చెయ్యెత్తింది.

"ఆగు. నీ కర్ర తగిలి బంతి కదిలింది."

"కదల్లేదే!"

"నా కళ్ళతో చూశాను. ఒట్టు."

రిఫరీ రోనా మాటే నమ్మాడు. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్ళదే గెలుపైన ఆ ఆటలో జరిమానాగా ఆమె లెక్కకు ఒక దెబ్బ కలిపారు. దాంతో కప్పు పోయింది, కప్పుతో పాటు పేరూ పోయింది. మోసగత్తె అన్న ముద్ర వేసి జాతీయ జట్టులోంచి తీసేశారు. కొట్టానికి వచ్చినవాళ్ళు త్రాసు వంక చూసి, "ఇది కూడా కదులుతుందా అమ్మాయ్?" అని నవ్వేవారు. బంతిని గుంటలోకి నెట్టే చిన్న దెబ్బ కొట్టాలన్నా ఆమె చేతులు వణికేవి. పత్రికల్లో మాత్రం రోనా ఫోటోలే.

ఇష్‌బెల్ ఏడవలేదు. వానలోనూ ఒంటరిగా ఆడి చేతుల వణుకు పోగొట్టుకుంది. కొన్నేళ్ళకు మళ్ళీ ఫైనల్‌కు చేరింది. ఎదురుగా మళ్ళీ రోనాయే.

ఇద్దరి మధ్య పోటీలో బంతి గుంటకు దగ్గరగా ఆగినప్పుడు ఎదుటివాళ్ళు "తీసేసుకో" అంటే చాలు, వేసినట్టే లెక్క. ఆ రోజు మొదటినుంచీ ఇష్‌బెల్ నోట అదే మాట. "తీసేసుకో రోనా." జనం చప్పట్లు కొట్టారు, పాత కోపం మరిచిపోయిందనుకుని.

కూతురి కర్రల సంచి మోస్తున్న డౌగల్‌కు ఒళ్ళు మండింది. "ఎందుకే ఈ దానధర్మాలు?"

"ఉండు నాన్నా. చిన్న దెబ్బ ఎలా కొట్టాలో ఇవాళ దాని చేతులు మరిచిపోవాలి."

చివరి గుంట వరకూ ఇద్దరూ సమానం. ఇష్‌బెల్ బంతి గుంటలో పడింది. రోనా బంతి రెండడుగుల దూరంలో ఆగింది. అలవాటుగా వంగబోయి, మాట వినపడక తలెత్తింది రోనా.

"ఇష్‌బెల్?"

"వెయ్యి."

రోనా వేళ్ళు బిగుసుకుపోయాయి. బంతి గుంట అంచు ఒరుసుకుంటూ పక్కకు పోయింది. కప్పు ఇష్‌బెల్‌దైంది.

చెయ్యి కలిపిన ఇష్‌బెల్ ఆ చేతిని వదల్లేదు.

"ఆ రోజు నా బంతి కదిలిందా?"

"ఇక్కడొద్దే, అందరూ వింటున్నారు."

"అందుకేగా అడుగుతున్నా."

రోనా గొంతు తగ్గించింది. "కదిలితే బాగుండుననుకున్నాను. కదిలిందన్నాను."

"గట్టిగా చెప్పు. మా నాన్నకి కుడిచెవి వినపడదు."

రోనా ఏడుస్తూ మళ్ళీ చెప్పింది. ఆ శీతాకాలమే ఊరు విడిచిపోయింది. ఇష్‌బెల్ కూడా ఆ తర్వాత పెద్ద పోటీ ఏదీ గెలవలేదు, కొట్టం చూసుకుంటూ ఉండిపోయింది.

ముసలితనంలో ఒకసారి రొట్టెల దుకాణంలో పక్కింటావిడ అడిగింది. "ఆ రోజు రోనా మీద జాలి వెయ్యలేదా ఇష్‌బెల్?"

"వేసింది, అది రెండోసారి చెబుతుంటే. అయినా చివరిదాకా చెప్పించాను."