చెరువులో లేని రొయ్యలు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కిందటి నెల మా బావ తిరుత్తణి ఆసుపత్రిలో పోయాడని రాస్తే ఒక్క వాక్యంతో అయిపోతుంది. మిగతాది రాయాలంటే నా తిండిపోతుతనం కూడా బయటపెట్టాలి. సరే, డెబ్బై దాటినవాడికి ఇంకా పరువేమిటి!

మా అక్క మొగుడాయన. చీరలు నేసేవాడు. నేసిన చీరను తిరగేసి చూడందే మడిచేవాడు కాదు. "ముందరపక్క అందరూ చూస్తారు బామ్మర్దీ, తప్పంతా ఎనకపక్క ఉంటాది" అనేవాడు. పెళ్లిపత్రిక ఇచ్చినా వెనక్కి తిప్పి ప్రెస్సు పేరు చదివేవాడు. మా అక్కను చూసుకోవడానికి వచ్చిననాడు పలహారం ప్లేటు కూడా తిప్పి చూశాడు. ఆ కథ వేరే ఉంది.

కే.జీ.కండిగై దగ్గర, మా ఊరి పక్కగా పెద్ద రోడ్డు వస్తుందన్నారు. దానివల్ల ఊరికి ఏమవుతుందో రిపోర్టు రాశామని, దాని మీద జనం మాట వింటామని కల్యాణమండపంలో మీటింగు పెట్టారు. గుమ్మం దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకుని భోజనం టోకెన్ ఇచ్చారు. నేను చదవకుండానే గీకి, వడల వాసన వచ్చే దిక్కుకు నడిచాను. బావ టోకెన్ జోలికి పోలేదు. రిపోర్టు అడిగి తీసుకుని, ఆఖరి పేజీ నుంచి మొదలుపెట్టాడు.

అరగంటకు లేచాడు. అరవంలో ఒకసారి, మావాళ్ల కోసం తెలుగులో ఒకసారి అడిగాడు.

"సార్, ఒరు నిమిషం. మేము చెరువులో రొయ్యలు పట్టి బతకతా ఉండామని రాసినారే, యాడుండాయి సార్ అవి? చెప్తే ఈపొద్దే పోయి పట్టుకుంటా."

మండపమంతా నవ్వింది. ఎక్కడో సముద్రం ఒడ్డున పళవేర్కాడు పక్క ఏదో పనికి రాసిన పేజీలు తెచ్చి మా ఊరికి అతికించారు మరి. నవ్వనిది బావ ఒక్కడే. రొయ్యలున్న ఆ రిపోర్టులో మా చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ లేదు. కాగితంలో లేని కాలువ మీద మట్టి పోస్తే అడిగే దిక్కుండదు. చెరువు ఎండితే ఊళ్లో బావులూ ఎండుతాయి.

చెన్నైలో కేసు వేశాడు. తెల్లవారి రైలుకు పోవడం, వాయిదా పడిందని తిరిగి రావడం.

"నువ్వు వొద్దంటే రోడ్డు ఆగతాదా?" అని అక్క కసిరేది.

"రోడ్డు వొద్దని నేనెప్పుడన్నా? కాలవకి దోవ ఇడవమన్నా, అంతే."

ఒక వాయిదాలో అవతలివాళ్లు ఊరంతా ఒప్పుకుందని ఒక కాగితం చూపించారు. టోకెన్ల కోసం మేం సంతకాలు పెట్టినదే అది. మొదటి సంతకం నాది. ఆ సాయంత్రం బావ దాని జెరాక్సు తెచ్చి నా ముందు పెట్టాడు. తిడతాడనుకున్నాను.

"సంతకం బాగుండాది బామ్మర్దీ. వడలు ఎన్ని తింటివి?"

"నాలుగు."

"అదే రాసియ్యి కోర్టుకి."

భోజనం కోసం పెట్టిన సంతకమే గాని ఒప్పుకోలు కాదని ప్రమాణం చేసి రాసిచ్చాను. నన్ను చూసి మిగతావాళ్లూ సిగ్గు వదిలారు. రిపోర్టు కొత్తగా రాసి, జనాన్ని మళ్లీ పిలవమని కోర్టు చెప్పింది. ఆ తీర్పు కాగితాన్నీ బావ తిరగేసి చూశాడు.

రెండో మీటింగు ఆయన పోయిన మూడో వారంలో జరిగింది. రిపోర్టు మొత్తం చదివాను. రొయ్యలు లేవు. కాలువ ఉంది, దాని మీద వంతెన ఉంది. తర్వాత హాజరు కాగితం వచ్చింది. కోర్టుకెక్కినవాళ్ల పేర్లు ముందే అచ్చు వేసి ఉన్నాయి. మొదటిది బావది, రెండోది నాది. కాగితం తిరగేసి చూశాను. వెనక ఏమీ లేదు. మొదటి గడి వదిలేసి, రెండో దాంట్లో సంతకం పెట్టి, పక్కాయనకు ఇచ్చాను.